గ్రూపు పుస్తకంలో ఎక్కని గంటలు

2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలైంది. మొదటి విడతకు ఎంచుకున్న ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. దానికి వెలుగు అని పేరు పెట్టారు. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా బోర్డులు మారాయి కానీ మా వైపు జనం ఇప్పటికీ వెలుగు ఆఫీసు అనే అంటారు. 2011లో దేశమంతటికీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు దాని నమూనాలో చాలా భాగం ఇక్కడి ఆడవాళ్ళ పొదుపు గ్రూపులను చూసి తీసుకున్నదే. పలమనేరు, పుంగనూరు, సత్యవేడు పల్లెల్లో చాప పరుచుకుని కూర్చున్న ఆడవాళ్ళ మీటింగు అలా ఢిల్లీలోనూ వాషింగ్టన్‌లోనూ పాలసీ కాగితాల్లోకి ఎక్కింది.

గ్రూపుల వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. నూటికి నెలకు మూడు రూపాయలు, ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకునే ఇళ్ళకు బ్యాంకు అప్పు అందింది. బ్యాంకు గడప తొక్కని ఆడవాళ్ళు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడారు. సంతకం నేర్చుకున్నారు, మైకు పట్టుకున్నారు, కొందరు సర్పంచులయ్యారు. ఇందులో ఏదీ కొట్టిపారేసేది కాదు.

అయినా పాతికేళ్ళుగా ఈ లెక్కలో ఒక అంకె లేదు. గ్రూపు పుస్తకంలో పొదుపెంత, అప్పెంత, వడ్డీ ఎంత, ఈ నెల కంతు ఎంత అని గళ్ళుంటాయి. ఇదంతా నడవడానికి ఎవరి టైం ఎంత ఖర్చయిందో రాసే గడి మాత్రం లేదు. స్త్రీవాద ఆర్థిక శాస్త్రం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఆ గడి గురించే. ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఇంకో శాస్త్రం కావాలని కాదు, ఉన్న శాస్త్రం సగం పనిని లెక్కలోకి తీసుకోకుండానే దేశాలకు సలహాలిస్తోందన్నదే దాని మూల వాదన.

ఈ వాదన అంతర్జాతీయ పాలసీలోకి వచ్చిన దారి కొంచెం మెలికలు తిరిగినది. 1970లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసెరప్ ఆఫ్రికా, ఆసియా వ్యవసాయం మీద ఒక పుస్తకం రాసింది. సహారాకు దిగువ ఆఫ్రికాలో తిండిగింజల సాగు చాలావరకు ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నా, వలస అధికారులూ ఆ తర్వాత వచ్చిన అభివృద్ధి నిపుణులూ రైతంటే మగవాడే అనుకుని కొత్త పనిముట్లు, శిక్షణ, వాణిజ్య పంటలు అన్నీ మగవాళ్ళకే అందించారని చూపించింది. అభివృద్ధి వచ్చిన కొద్దీ ఆడవాళ్ళ స్థానం దిగజారిందన్న మాట అప్పట్లో చాలామందిని కుదిపింది. 1974లో మన దేశంలో మహిళల స్థితిగతుల మీద వేసిన కమిటీ ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి నిజాలనే బయటపెట్టింది. 1975లో మెక్సికో నగరంలో ఐక్యరాజ్యసమితి మొదటి మహిళా సదస్సు, 1979లో స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందం, 1995లో బీజింగ్ సదస్సు వరసగా వచ్చాయి. 1982లో మన దేశంలో యూనిసెఫ్ సాయంతో మొదలైన డ్వాక్రా కూడా ఆ గాలిలో పుట్టినదే.

అప్పటి ఆలోచన సాఫీగానే ఉండింది. ఆడవాళ్ళను అభివృద్ధిలో మరిచిపోయారు కాబట్టి ఇప్పుడు కలుపుకుంటే సరిపోతుంది అన్నారు. ఆ తర్వాతి తరం పరిశోధకులు అక్కడే అడ్డం తిరిగారు. ఇప్పటికే రోజంతా పనితో నిండిపోయిన మనిషికి ఇంకో పని అందిస్తే అది అవకాశమా, అదనపు బరువా? అసలు ఆమె రోజులో ఏముందో చూసిన వాళ్ళెవరు?

చూద్దాం. పుంగనూరు వైపు ఒక పల్లెలో రెండు జెర్సీ ఆవులున్న ఇల్లు అనుకోండి. ఆ ఇంటావిడ తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. పేడ ఎత్తి, కొట్టం ఊడ్చి, పొదుగు కడిగి, దూడను కాసేపు వదిలి, పాలు పిండుతుంది. ఆరింటికల్లా క్యాన్ పాల సెంటరుకు చేరాలి. అక్కడ శాంపిల్ తీసి ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా మిగిలే ఘనపదార్థం) ఎంత అని మిషన్‌లో చూసి స్లిప్పు ఇస్తారు, దాన్నిబట్టే లీటరు రేటు. ఆ స్లిప్పులో ఫ్యాట్ పాయింటు నిలబడిందంటే ముందురోజు మధ్యాహ్నం ఎండలో ఆమె కోసుకొచ్చిన పచ్చిగడ్డి, నానబెట్టిన చెక్క, టైం తప్పకుండా పెట్టిన కుడితి అందులో ఉన్నట్టు. ఆవు మేత సరిగ్గా తినడం లేదని ముందు పసిగట్టేది ఆమే, డాక్టరుకు ఫోన్ చేయమని చెప్పేదీ ఆమే. మధ్యలో వంట, పిల్లల్ని బడికి పంపడం, అత్తకు మాత్రలు, గిన్నెలు, గుడ్డలు. సాయంత్రం మళ్ళీ కొట్టం. పాల బిల్లు పదిహేను రోజులకోసారి సెంటరు కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో పడుతుంది. చాలా ఇళ్ళల్లో ఆ కార్డు మగవాళ్ళ పేరు మీదే ఉంటుంది.

ఇప్పుడు ఆ ఇంటికి సర్వే వాళ్ళు వచ్చి "ఆమె ఏం పని చేస్తుంది?" అని అడిగితే, వాకిట్లో ఉన్న భర్త చెప్పే మాట మనకు తెలిసిందే. "ఆయమ్మ ఇంట్లోనే ఉంటుంది సార్." మన జాతీయ నమూనా సర్వేల్లో అలాంటి వాళ్ళకు 92, 93 అని రెండు కోడ్లున్నాయి. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్ళు మొదటిది, ఇంటి పనులతో పాటు కట్టెలు, గడ్డి లాంటివి తెచ్చుకోవడం, ఇంటి వాడకానికి కుట్టుకోవడం చేసేవాళ్ళు రెండోది. ఈ రెండు కోడ్లలో పడ్డవాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. రూలు ప్రకారం చూస్తే ఆవుల్ని పెంచడం ఆర్థిక పనే, ఆమెను శ్రామికురాలిగానే రాయాలి. అడిగే తీరు, జవాబు చెప్పే మనిషి కలిసి ఆమెను తుడిచేస్తారు. 1970ల్లోనే ఆర్థికవేత్త దేవకీ జైన్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఎవరు ఏ గంటలో ఏం చేస్తున్నారని రాయించినప్పుడు బయటపడింది ఇదే. అధికారిక సర్వేలు చెబుతున్న దానికంటే ఆడవాళ్ళు చాలా ఎక్కువ పని చేస్తున్నారు.

రూలు సరిగ్గా పాటించినా ఇంకో గోడ మిగిలే ఉంటుంది. దేశాలన్నీ జీడీపీ లెక్కగట్టే ఐక్యరాజ్యసమితి పద్ధతి ప్రకారం, ఇంటి వాడకానికే అయినా పంట పండిస్తే, పాలు పిండితే అది ఉత్పత్తి. ఆ పాలు కాచి బిడ్డకు పట్టడం, ఆ బియ్యం వండి వడ్డించడం ఉత్పత్తి కాదు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే మనిషిని పెళ్ళి చేసుకుంటే దేశాదాయం తగ్గిపోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త పిగూ 1920లోనే ఎత్తి చూపాడు. 1934లో అమెరికాలో ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ ఒక కొలత ఇచ్చింది: డబ్బిచ్చి బయటి మనిషితో చేయించుకోగలిగిన పని ఏదైనా అది పనే. కొలత చేతిలో ఉండి కూడా వాడలేదు. న్యూజిలాండ్ పార్లమెంటులో ప్రభుత్వ ఖర్చుల కమిటీకి అధ్యక్షత వహించిన మార్లిన్ వారింగ్ 1988లో ఈ లెక్కల పద్ధతిని ముక్కముక్కగా విప్పి చూపాకే ప్రపంచం కొంత కదిలింది.

కదిలాక వచ్చినవే టైం యూజ్ సర్వేలు. ఇరవై నాలుగు గంటల్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కలో ఏం చేశారని అడిగే సర్వే ఇది. మన దేశంలో 2019 సర్వే ప్రకారం ఆడవాళ్ళలో 81.2 శాతం మంది జీతంలేని ఇంటి పని చేస్తున్నారు, మగవాళ్ళలో 26.1 శాతం. చేసేవాళ్ళ సగటు చూస్తే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఆడవాళ్ళ పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించబోతే, మగవాళ్ళదీ దాదాపు అంతే తగ్గింది. ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చింది. ఐదేళ్ళలో ఒక్క నిమిషం.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పని చేస్తున్న, పని వెతుకుతున్న వాళ్ళు 2017-18లో 23.3 శాతం ఉంటే 2023-24కి 41.7 శాతానికి పెరిగారని శ్రామిక సర్వే చెబుతోంది. మంచి కబురే. కానీ పని చేస్తున్నారని రాసిన ఆడవాళ్ళలో మూడో వంతుకు మించి ఇంటి పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో కూలి లేకుండా సాయం చేసేవాళ్ళే. ఇంటి పనిలో ఇద్దరి మధ్య తేడా అలాగే ఉండి, బయటి పని పెరిగిందంటే ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? నిద్రలో నుంచి, తీరికలో నుంచి, పెద్ద కూతురి చదువులో నుంచి రావాలి. పేదరికాన్ని రూపాయల్లో మాత్రమే కొలిస్తే ఈ పేదరికం కనబడదు. టైం లేకపోవడం కూడా పేదరికమేనని స్త్రీవాద ఆర్థికవేత్తలు పట్టుబట్టేది అందుకే.

మన తెలుగు నేలకు ఈ శాస్త్రంలో ఒక పాత చోటుంది. 1970ల చివర జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళ మీద పరిశోధన చేసింది. 1982లో అది పుస్తకంగా వచ్చింది. వాళ్ళు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది. ఎగుమతిదారులు బాగుపడ్డారు. అల్లిన వాళ్ళను మాత్రం తీరిక వేళ ఏదో కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే చూశారు, కూలి కూడా అలాగే ఇచ్చారు. గృహిణి అనే ముద్ర కూలిని ఎంత కిందికి దించగలదో ప్రపంచానికి చెప్పడానికి ఈనాటికీ నర్సాపురాన్నే ఉదాహరిస్తారు.

శ్రీకాళహస్తి కలంకారీ ఇళ్ళల్లో కాసేపు కూర్చుంటే ఆ ఉదాహరణ ఎందుకు పాతబడలేదో తెలుస్తుంది. ఒక చీర బొమ్మగా మారడానికి గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి, పటిక పట్టించాలి, రంగులు నింపాలి, ఉడకబెట్టాలి, పారే నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతకాలి. చింతబొగ్గుతో మొదటి గీత గీసేవాళ్ళకు ఆర్టిస్టు అని పేరొస్తుంది. వంగి కూర్చుని గంటల తరబడి రంగు నింపే ఇంటి ఆడవాళ్ళు సాయం చేసేవాళ్ళుగా మిగిలిపోతారు. ఈ మధ్య చాలామంది ఆడవాళ్ళు తామే గీత పట్టి పేరు తెచ్చుకుంటున్నారు, అది సంతోషించాల్సిన మార్పు. ఇంటి పేరుతో అమ్ముడుపోయే గుడ్డ మీద రంగు నింపిన గంటల రేటు మాత్రం ఇంకా తేలలేదు.

ఇక ఇంటి లోపలికి వెళ్దాం. పాత ఆర్థిక శాస్త్రానికి ఇల్లంటే ఒక్క మనిషి. ఇంటికి డబ్బొస్తే అందరికీ వచ్చినట్టే, ఎవరు ఏం చేయాలన్నది ఎవరికి ఏది బాగా చేతనవునో దాన్నిబట్టి పంచుకుంటారు అన్నది దాని ధోరణి. ఆర్థికవేత్తలు అమర్త్య సేన్, బీనా అగర్వాల్ దీన్ని ఒప్పుకోలేదు. ఇంట్లో కలిసి బతకడం ఉంది, బేరం కూడా ఉంది. ఆ బేరంలో ఎవరి మాట నెగ్గుతుందన్నది, రేపు ఈ ఇల్లు విడిచిపోవాల్సి వస్తే ఎవరి కాళ్ళ కింద ఎంత నేల ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ప్రదీప్ పాండాతో కలిసి అగర్వాల్ కేరళలో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఇల్లు గానీ భూమి గానీ లేని భార్యల్లో 49 శాతం మంది భర్తల చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. రెండూ తమ పేరున ఉన్నవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు 7 శాతం.

అందుకే ఆడవాళ్ళ పేరు మీద ఆస్తి రాయడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకూ వాటా ఇస్తూ 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ, దేశమంతటికీ 2005లో వచ్చిన చట్టం కంటే ఇరవై ఏళ్ళు ముందుంది. 2020 డిసెంబర్‌లో రాష్ట్రమంతా ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేర్లతోనే పంచారు, శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో కూడా. పట్టా బీరువాలో ఆమె దగ్గరే ఉంటే అది బలం. కాకపోతే చట్టం ఇచ్చిన వాటాను పెళ్ళప్పుడు ఇచ్చిన కట్నంతో సరిపెట్టి అన్నదమ్ములు సంతకాలు పెట్టించుకోవడం మా ఊళ్ళల్లో మామూలు వ్యవహారం. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆడబిడ్డలు పెట్టే ఆ సంతకం బేరంలో భాగమే.

పేరు మీద ఆస్తి రావడం వేరు, పేరు మీద అప్పు రావడం వేరు. ఈ రెంటినీ అంతర్జాతీయ పాలసీ చాలాకాలం ఒకే గాటన కట్టింది. బంగ్లాదేశ్‌లో ఆడవాళ్ళ పేరున ఇచ్చిన చిన్న అప్పుల మీద గోట్జ్, సేన్‌గుప్తా అనే పరిశోధకులు 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీసుకున్న అప్పు వాడకం మీద పూర్తిగానో చెప్పుకోదగినంతగానో పట్టు ఉన్నది 37 శాతం మందికే. మిగతా చోట్ల డబ్బు చాలావరకు మగవాళ్ళ చేతుల్లోకి పోయింది, తీర్చే బాధ్యత మాత్రం ఆమె మెడకే ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్ బస్తీల్లో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. చిన్న అప్పు అందడం వల్ల ఇంట్లో ఆడవాళ్ళ మాటకు విలువ పెరిగినట్టు అందులో కనబడలేదు. ఈలోగా మన రాష్ట్రం 2010 చూసింది. వారం వారం కంతుల కోసం ఇళ్ళ ముందు కూర్చోవడాలు, ఆత్మహత్యలు, చివరికి అక్టోబర్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్.

డ్వాక్రా అప్పు ఆ ప్రైవేటు అప్పు లాంటిది కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. వడ్డీ తక్కువ, కంతు నెలకోసారి, గ్రూపు తమది. కానీ గంటల సంగతి ఇక్కడా అంతే. ఒక బ్యాంకు విడివిడిగా పదిమందికి అప్పివ్వాలంటే ఒక్కొక్కరి ఇల్లు చూడాలి, స్తోమత అంచనా వేయాలి, వసూలుకు మనిషిని పంపాలి. గ్రూపుకు ఇస్తే ఆ పనంతా ఆడవాళ్ళే చేసిపెడతారు. ఎవరికి ఇవ్వొచ్చో వాళ్ళే తేలుస్తారు, ఒక సభ్యురాలు కంతు కట్టకపోతే లీడరు రాత్రి వంట ముగించి వాళ్ళింటికి నడుస్తుంది. గ్రామ సంఘం మీటింగు, మండల సమాఖ్య మీటింగు, బ్యాంకులో వేలిముద్రలు, ఆధార్ జిరాక్సులు, ఆన్‌లైన్‌లో ఎక్కలేదంటే మళ్ళీ ఇంకోసారి. కూలికి పోయే ఆడమనిషికి ఒక పూట బ్యాంకు పనంటే ఒక పూట కూలి పోయినట్టే. బ్యాంకుకు మిగిలిన ఖర్చు అలా ఆమె ఖాతాలో పడింది.

అభివృద్ధి సంస్థలు ఆడవాళ్ళను ఇంతగా ఇష్టపడటంలో ఈ మిగులుకూ భాగముంది. 2006 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు స్త్రీపురుష సమానత్వాన్ని తెలివైన ఆర్థిక విధానంగా ప్రచారం చేసింది. ఆడవాళ్ళ మీద పెట్టే రూపాయి ఎక్కువ ఫలితం ఇస్తుంది, పిల్లల పోషణ మెరుగవుతుంది, వృద్ధి పెరుగుతుంది అన్నారు. ఫలితాలు నిజమే కావచ్చు. సిల్వియా చాంట్, కరోలిన్ స్వీట్‌మన్ లాంటి పరిశోధకులు అడిగింది వేరే ప్రశ్న: ఈ పాలసీ ఆడవాళ్ళ కోసం పనిచేస్తోందా, ఆడవాళ్ళే పాలసీ కోసం పనిచేస్తున్నారా? 1997లో మెక్సికో తల్లుల చేతికి డబ్బు ఇచ్చి, పిల్లల్ని బడికీ ఆసుపత్రికీ తప్పకుండా తీసుకెళ్ళాలని షరతు పెట్టింది. ఆ నమూనా ప్రపంచమంతా పాకింది. 2020 జనవరి 9న చిత్తూరులోనే ప్రారంభమైన అమ్మ ఒడి కూడా ఆ కుటుంబానిదే. తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు వేస్తామన్నారు, తర్వాత బిడ్డకు 75 శాతం హాజరు షరతు పెట్టారు. డబ్బు తల్లికి ఇవ్వడం సరైన పనే, ఆ డబ్బుతో ఎన్నో ఇళ్ళల్లో ఫీజులు, యూనిఫారాలు గట్టెక్కాయి. కానీ హాజరు తగ్గితే పరిగెత్తాల్సింది తల్లే అని పాలసీయే తీర్మానించేసింది. తండ్రి బాధ్యత అన్న మాట ఆ చట్రంలో లేదు.

బ్రిటిష్ ఆర్థికవేత్త డయాన్ ఎల్సన్ 1980ల నాటి పొదుపు విధానాలను ఈ కంటితోనే చదివింది. అప్పుల్లో మునిగిన దేశాలకు ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ ఖర్చులు తగ్గించుకోమని షరతులు పెట్టిన రోజులవి. ఆసుపత్రి రోగిని రెండు రోజులు ముందే ఇంటికి పంపిస్తే లెక్కల్లో సామర్థ్యం పెరిగినట్టు కనబడుతుంది. నిజానికి ఆ రెండు రోజుల సేవ జీతమిచ్చే చోటు నుంచి జీతంలేని చోటుకు మారింది, అంతే. తిరుపతిలో ఏ పెద్దాసుపత్రి వరండాలోనైనా రాత్రి పదింటికి చూడండి. రోగి పక్కన దుప్పటి పరుచుకుని ఎవరున్నారో, సెలైన్ అయిపోతే నర్సును పిలవడానికి ఎవరు మేలుకుని ఉన్నారో. ఆరోగ్య బడ్జెట్‌లో ఆ రాత్రి డ్యూటీకి ఒక్క రూపాయీ లేదు.

జీతం ఇచ్చే చోట కూడా సంరక్షణ పనికి రేటు పడదు. 1975లో మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ యాభై ఏళ్ళయినా గౌరవ వేతనం మీదే నడుస్తోంది. 2023 డిసెంబర్ 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా పెట్టినా నిలబడి 42 రోజులు చేశారు. గ్రాట్యుటీ వాళ్ళకూ వర్తిస్తుందని 2022లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆశా కార్యకర్తలకు అదే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద అవార్డు ఇచ్చింది, ఉద్యోగులన్న గుర్తింపు మాత్రం ఇప్పటికీ లేదు. వీళ్ళకు సరైన జీతం ఇవ్వలేని దేశం ఇంట్లో అమ్మ పనికి విలువ కడతానంటే నాకు నమ్మకం కుదరదు. ముందు ఇక్కడ మొదలుపెట్టాలి.

ఇంటి పనికి జీతం అన్న చర్చ కూడా ఇప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. సరిహద్దు దాటి గుడియాత్తం, వేలూరు వెళ్తే అక్కడి ఇంటి ఇల్లాళ్ళలో అర్హులకు 2023 సెప్టెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. అది సాయం కాదు, వాళ్ళ హక్కు అని ఆ ప్రభుత్వం చెప్పింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో, చనిపోయిన గృహిణికి ఆదాయం లేదని పరిహారం తగ్గించకూడదంటూ సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్‌వీ రమణ రాసిన తీర్పులో 2019 టైం యూజ్ సర్వే అంకెల్నే ఎత్తి చూపారు. ఆ గుర్తింపు విలువైనది. అయితే డబ్బిచ్చి ఊరుకుంటే, ఈ పని నీదే, నీకు ముట్టింది కదా అని ఇంట్లో అనే రోజూ వస్తుంది. ఎల్సన్ మూడు మెట్లు చెప్పింది అందుకే: పనిని గుర్తించాలి, తగ్గించాలి, పంచాలి. 2015లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 5.4 ఈ ఆలోచన నుంచి వచ్చినదే. గుర్తించడం సర్వేలతో అయింది. తగ్గించడం కొంత జరిగింది, 1999లో దీపం గ్యాస్ కనెక్షన్లు వచ్చాక కట్టెల మోపులు తగ్గాయి, కుళాయిలు వచ్చిన చోట బిందెలు తగ్గాయి. పంచడం దగ్గరే బండి ఆగిపోయింది. ఆ 201 నిమిషాలు చెబుతున్నది అదే.

పంచడమంటే మొగుడు గిన్నెలు తోమడం ఒక్కటే కాదు, అదీ కావాలి. ప్రభుత్వం, కంపెనీ కూడా వాటా తీసుకోవాలి. కొలంబియా రాజధాని బొగోటాలో 2020 నుంచి సంరక్షణ బ్లాకులు కడుతున్నారు. అమ్మ చదువుకోవడానికో శిక్షణకో వచ్చిన చోటే పిల్లల్ని చూసేవాళ్ళుంటారు, గుడ్డలు ఉతికే మిషన్లుంటాయి. ఆమెకు ఇస్తున్నది డబ్బు కాదు, గంటలు. నాకు తెలిసిన పథకాల్లో స్త్రీవాద ఆర్థిక శాస్త్రాన్ని ఇంత సూటిగా ఆచరణలో పెట్టింది ఇంకొకటి లేదు. మన దగ్గర 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌లో జెండర్ బడ్జెట్ పత్రం వస్తోంది, కానీ ఏళ్ళ తరబడి అందులో పెద్ద పద్దు గ్రామీణ గృహనిర్మాణానిది. ఆమె గంటల్ని తిరిగి ఇచ్చే ఖర్చు ఎంతో ఆ పత్రంలో వెతికినా దొరకదు.

ఈ లెక్క మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అన్నిటికంటే అవసరమైన చోటు శ్రీసిటీ అనే పారిశ్రామిక వాడ. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ తయారయ్యే లైన్ల మీద వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చీకటితోనే కంపెనీ బస్సులు బయల్దేరతాయి. ఆడవాళ్ళ వేళ్ళు నాజూకు, ఓపిక ఎక్కువ అని వాళ్ళను తీసుకుంటారు. 1981లో ఎల్సన్, రూత్ పియర్సన్ ఇలాంటి ఎగుమతి ఫ్యాక్టరీల గురించే రాస్తూ, ఆ నేర్పు పుట్టుకతో రాలేదని, ఇంట్లో ఏళ్ళ తరబడి కుట్టు, అల్లిక పనుల్లో నేర్చుకున్నదని, ఇంట్లో నేర్చింది కాబట్టే దానికి నైపుణ్యం రేటు కట్టరని చెప్పారు. ఆ జీతం ఆడపిల్లకు పెళ్ళి వాయిదా వేసే ధైర్యం ఇస్తోంది, తమ్ముడి ఫీజు కడుతోంది, ఆమె చేతికి ఏటీఎం కార్డు ఇస్తోంది. అది నిజమైన మార్పు. బిడ్డ పుట్టాక ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని గంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచడానికి, సమ్మతితో ఆడవాళ్ళకు రాత్రి షిఫ్టులు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. రాత్రి పని చేసే హక్కును నేను కాదనను. అంగన్‌వాడీ మాత్రం పగటిపూటే తెరిచి ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. ఉదయం ఆరింటికి మొదలయ్యే షిఫ్టుకు తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సెక్కే తల్లికి అది పనికిరాదు. ముప్పై మందికి మించి ఆడవాళ్ళున్న ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1976లో సవరించిన ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. యాభై మంది ఉద్యోగులున్న ఏ సంస్థకైనా 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ అదే బాధ్యత పెట్టింది. కానీ గంటన్నర బస్సు ప్రయాణంలో చంటిబిడ్డను ఎవరు మోసుకెళ్తారు? పిల్లల గది ఫ్యాక్టరీ గేటు లోపల కాదు, బస్సు బయల్దేరే ఊళ్ళో ఉండాలి. కేంద్రం పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు పిల్లల సంరక్షణ కేంద్రాలను కలుపుతోంది, ఆ పథకాన్ని ముందు ఈ బస్సు రూట్ల మీద ఉన్న ఊళ్ళకు తేవచ్చు. కంపెనీలు చట్టం ప్రకారం పెట్టాల్సిన ఖర్చును ఒకచోట జమచేసి అందులో కలపవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తెరిచి రాత్రి షిఫ్టు బస్సు వచ్చేదాకా నడిచే ఆ కేంద్రంలో పనిచేసేవాళ్ళను, ఇప్పుడున్న అంగన్‌వాడీ టీచరు నెత్తిన ఇంకో పనిగా రుద్దకుండా, విడిగా, షిఫ్టులవారీగా, కనీస వేతనానికి తగ్గకుండా జీతమిచ్చి పెట్టుకోవాలి.